గుహలోకి గుమాస్తా

ఆ రోజుల్లో మా నరసరావుపేటలో ఆడపిల్లని ‘నీకేం కావాలే’ అని అడిగే అలవాటు ఇంకా మొదలవలేదు. ఓణీ రంగు మా అమ్మ తీసేది. జడకి రిబ్బనుండాలా వద్దా అన్నది నాయనమ్మ తేల్చేది. ఇంటర్ అయ్యాక డిగ్రీయా టైపా అన్నది మా మేనమామ ఒక ఆదివారం మా ఇంట్లో భోంచేసి, వక్కపొడి నోట్లో వేసుకుంటూ చెప్పేశాడు (‘టైపే. డిగ్రీ అయితే నాలుగు ఊళ్ళు తిరగాల, టైపైతే ఒక్కచోట కుదురుగా కూర్చుంటది’). నాకూ పెద్ద అభ్యంతరం ఉండేది కాదు. ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది? అందుకే, ఇరవై నిండీ నిండని వయసులో ఒక యంత్రం నన్ను ‘నువ్వెవరు?’ అని అడిగేసరికి నోరు తెరుచుకుని దాని వంకే చూస్తూ కూర్చుండిపోయాను. అదీ ఇంగ్లీషులో అడిగింది. పైగా నా జవాబు వచ్చేదాకా కదలనంటూ ఒక చిన్న గీత టపటపా మెరుస్తూ నిలబడింది. నాకోసం అంతసేపు ఆగిన మొదటి మనిషి అదే, మనిషి కాకపోయినా.

మా టైపు ఇన్‌స్టిట్యూట్ స్టేషన్ వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక మేడపైన ఉండేది. కింద మోటార్లకి వైండింగ్ చేసే షెడ్డు. వాళ్ళ సుత్తి చప్పుడు, మా మిషన్ల టకటక కలిసిపోయి, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి ఆ మేడ మొత్తం ఏదో ఒకటే పని చేస్తున్నట్టు అనిపించేది. ఇన్‌స్టిట్యూట్ నడిపే మాస్టారు బక్కపల్చటి మనిషి, గట్టిగా గాలి వీస్తే కిటికీ ఊచ పట్టుకునేవారు. జీవితమంతా టైపు నేర్పీ నేర్పీ ఆయన మాటల్లో కూడా మాటకీ మాటకీ మధ్య కొలిచినట్టు ఒక ఖాళీ వచ్చి చేరింది. ‘అమ్మాయ్... కిటికీ... తెరువు’ అనేవారు. పిల్లలంతా చాటుగా స్పేస్‌బార్ మాస్టారు అనేవాళ్ళు. టైపు హయ్యర్ పరీక్ష పాసయ్యాక ఆయన నన్ను అక్కడే ఆడపిల్లల బ్యాచికి టీచరుగా పెట్టుకున్నారు. మా నాన్న మున్సిఫ్ మేజిస్ట్రేట్ కోర్టులో బెంచి గుమాస్తా. కూతురు కుదురైన చోట, కుదురైన పని చేస్తోందని ఆయనకి తృప్తి.

ఆ కుదురు చెడగొట్టింది కింద షెడ్డు వాళ్ళబ్బాయి. కువైట్ వెళ్ళొచ్చాడు గనక మేమంతా కువైట్ భాయ్ అనేవాళ్ళం. వచ్చేటప్పుడు అందరిలాగే దుప్పట్లు, సెంటు సీసాలు, టేప్‌రికార్డరు తెచ్చుకున్నాడు. వాటితోపాటు ఒక కంప్యూటర్ కూడా తెచ్చాడు. కంప్యూటరంటే ఇప్పటిలాంటిది కాదు. చూడటానికి ఉత్త కీబోర్డు, దాని పొట్టలోనే అంతా ఉంది. టీవీకి తగిలించాలి, క్యాసెట్‌లోంచి పాటలు ఎక్కించినట్టు దానికి పని ఎక్కించాలి. వాళ్ళింట్లో దాన్ని ఏం చేసుకోవాలో తెలీక బీరువా మీద పెట్టి పైన ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పారు. వాళ్ళ చెల్లెలు మా దగ్గర టైపు నేర్చుకునేది, నాకంటే కాస్త పెద్దది, అందరికీ ఆపా, అంటే అక్కన్నమాట. ఒకరోజు ఆ గుడ్డతో సహా మోసుకొచ్చి మాస్టారి బల్ల మీద పెట్టింది. మాస్టారు దాన్ని ముట్టుకుని, ‘దీనికి... రిబ్బను... అక్కర్లేదా?’ అని అడిగారు. అక్కర్లేదని తెలిశాక ఆయన కళ్ళు చెమర్చాయి. వారం తిరక్కుండానే మా బోర్డు మీద ‘ఇచ్చట కంప్యూటర్ కూడా నేర్పబడును’ అన్న కొత్త లైను పడింది (నేర్పేవాళ్ళకి ఇంకా రాదన్న సంగతి బోర్డు మీద రాయలేదు).

దాంతోపాటు వచ్చిన క్యాసెట్లలో చానావాటి మీద వాళ్ళమ్మగారు అప్పటికే కవ్వాలీలు రికార్డు చేయించుకున్నారు. మిగిలింది ఒక్కటే. అది ఎక్కిస్తుంటే వచ్చిన కూత ఉంది చూడండీ, కుక్కరు విజిలూ, రేడియోలో స్టేషన్ దొరకనప్పటి గోలా కలిపి ఒకేసారి చెవిలో పోసినట్టుండేది. కింద నుంచి కువైట్ భాయ్, ‘ఒరేయ్, ఎవర్ని కోస్తున్నార్రా పైన?’ అని అరిచాడు. చివరికి మాస్టారింటి నుంచి తెచ్చిన చిన్న టీవీ మీద ఒక గుహ ప్రత్యక్షమైంది. గుహంటే నాలుగు గీతలే. అయినా మేమంతా ఒక అడుగు వెనక్కి వేశాం.

అది ఆట. ఆ గుహలోకి అయిదుగురిదాకా కలిసి వెళ్ళొచ్చు. లోపల రాక్షసులు, తలుపులు, పెట్టెలు, అడుగున ఎక్కడో ఒక నిధి. కాకపోతే లోపలికి పోయేముందు ఒక్కొక్కళ్ళూ తామెవరో చెప్పుకోవాలి. నాలుగు రకాలున్నాయి: యోధుడు, మాంత్రికుడు, దొంగ, ఆ చివర క్లెరిక్ అని ఇంకోటి. మధ్యాహ్నం పూట బ్యాచిలు లేనప్పుడు మేం నలుగురం కూర్చున్నాం. మాస్టారు, ఆపా, నేను, షార్ట్‌హ్యాండ్ నేర్చుకునే పాస్టరుగారబ్బాయి (చర్చిలో పాటలు పాడే మెత్తటి గొంతు, నన్ను అక్కా అనేవాడు). పల్నాడులో నలుగురు కూర్చుని ‘మీరెవరు’ అంటే ఏం చెప్తారు? నలుగురం యోధులమే అన్నాం. గాలికి ఊచ పట్టుకునే మాస్టారు కూడా యోధుడే. నలుగురం కత్తులు దూసి గుహలోకి నడిచాం. మొదటి తలుపుకే తాళం. నలుగురం తలుపుని నరికాం. తలుపు ముందు గొయ్యి ఉందట, ఆ సంగతి చూసుకునే పని యోధుడిది కాదట. నలుగురం చాలా పౌరుషంగా అందులో పడి చచ్చిపోయాం. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

‘ఇట్టా... లాభం... లేదు’ అన్నారు మాస్టారు. ‘తలా... ఒక... పని... పంచుకోవాల.’ మాంత్రికుడిగా తానే ఉంటానన్నారు. మంత్రానికి ఆ ఆటలో స్పెల్ అని రాసుంది. స్పెల్లింగు విషయంలో జిల్లాలో తనని మించినవాడు లేడని ఆయన నమ్మకం. యోధుడి దగ్గర ఆపాకీ పాస్టరుగారబ్బాయికీ పంతం వచ్చింది. ఆపా చెయ్యి తిప్పుదాం రమ్మని బల్ల మీద మోచెయ్యి ఆనించింది. కింద షెడ్డులో అన్నలకి మోటార్లు ఎత్తిచ్చే చెయ్యి అది. ఆ అబ్బాయి దాని వంక ఒకసారి చూసి, ‘ఇద్దరం యోధులముందాంలే ఆపా’ అన్నాడు. ఇక నాకు మిగిలింది దొంగ, క్లెరిక్.

‘క్లెరిక్ అంటే ఏంది మాస్టారూ?’ అని అడిగాను. డిక్షనరీ చూడటం ఆయనకి నామోషీ. ‘క్లర్కు... అమ్మాయ్. క్లరికల్... వర్కు... అంటాం... చూడు. అచ్చులో... ఎక్కడో... తప్పు... పడింది’ అన్నారు. ‘గుహలోకి గుమాస్తా ఎందుకండీ?’ అంది ఆపా. ‘వచ్చిన రాక్షసుడికల్లా వాయిదా వేస్తాడేమో’ అన్నాడు పాస్టరుగారబ్బాయి. అందరం పడీ పడీ నవ్వాం. నేను కాస్త ఎక్కువ నవ్వాను, ఎందుకంటే ఇంట్లో అసలైన గుమాస్తా ఉన్నది నాకే. జేబు దగ్గర సిరా మరక, చంకలో కట్టలు, పిలిస్తే పరిగెత్తడం, పిలవకపోతే కాచుకుని ఉండటం. చిన్నప్పట్నుంచీ చూస్తున్న బతుకే గదా, గుహలోకి పోయి కూడా అదేనా అనిపించింది. మరి దొంగ అంటే? ఆ రోజు జవాబు చెప్పలేదు. ఇంటికెళ్ళి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మర్నాడు అందరూ ముగ్గు పొడి అమ్మేవాడి కోసం ఎదురుచూసినట్టు నా కోసం ఎదురుచూస్తుంటే, దొంగ ఏం చేయగలదో తెర మీద ఉన్నదంతా మళ్ళీ చదివాను. చప్పుడు లేకుండా నడుస్తుంది. తాళాలు తీస్తుంది. ఎవరికీ కనపడని గోతులు కనిపెడుతుంది. మీట మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకుని నొక్కేశాను. నా పేరు పక్కన దొంగ అని పడింది. నా అంతట నేను ఎంచుకున్న మొదటి సంగతి అదీ. సిగ్గుపడాల్సింది పోయి, చెవులు వెచ్చగా అయ్యేంత సంతోషం వేసింది.

నిజం చెప్పాలంటే నేను మంచి దొంగని. నా పుణ్యమా అని మొదటి తలుపు తెరుచుకుంది, గొయ్యి దాటాం, పెట్టెలు దొరికాయి. కానీ కొంత దూరం పోయాక గాయాలతోనే నీరసించి చచ్చిపోయేవాళ్ళం. అయిదో మనిషి జాగా ఖాళీగా ఉంది గానీ, క్లర్కుగా వచ్చేందుకు ఎవరూ ఒప్పుకోలేదు. కువైట్ భాయ్‌ని అడిగితే, ‘పాస్‌పోర్టు ఆఫీసులో చూసిన క్లర్కులు చాలు నాకు’ అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకొక సంబంధం వచ్చింది. అబ్బాయి చిలకలూరిపేటలో ఏదో మిల్లులో సూపర్‌వైజరు. వాళ్ళది నాదెండ్ల. పెళ్ళిచూపులకి ముందే పిల్ల ఎట్టాంటిదో వాకబు చెయ్యడానికి వాళ్ళ పెదనాన్న చెప్పా పెట్టకుండా ఊళ్ళో దిగాడు. పంచె, పైపంచె, మొలకి ఇంటి తాళాల గుత్తి, ఎవర్నీ నమ్మని చూపు. మా ఇన్‌స్టిట్యూట్ మెట్లు సగం ఎక్కి, ఆయాసం తీర్చుకోడానికి గోడ పట్టుకుని నిలబడ్డాడట. పైన మా ఆట మంచి ఊపు మీద ఉంది. ఆయనకి వినపడింది ఇదీ:

‘అమ్మాయి... దొంగ... గదా. ముందు... దాన్ని... పంపండి.’

‘అక్క తాళం తీసేసింది! పెట్టె నిండా బంగారం!’

‘బంగారం లోపల దోపుకో పిల్లా. ఎవడన్నా అడ్డమొస్తే నేను నరుకుతా.’

ఆ తర్వాత నా గొంతు, ఎంతో తీయగా: ‘ఉండండుండండి, అక్కడొక ముసలోడు నిలబడి ఉన్నాడు. వాడి మొలకి తాళాలున్నయ్. చప్పుడు కాకుండా వెనకమాల నుంచి పోయి కొట్టేస్తా.’

ఆ పెద్దమనిషి మొల పట్టుకుని మెట్లు దిగిన తీరు కువైట్ భాయ్ తర్వాత మాకు చేసి చూపించేవాడు. నేరుగా కోర్టుకి పోయాడాయన. నాన్న చంకలో కట్టలతో అప్పుడే వరండాలోకి వచ్చాడు. వకీళ్ళు, కక్షిదారులు, సంకెళ్ళతో ముద్దాయిలు, అందరి ముందూ, ‘ఏమయ్యా, మీ పిల్ల దొంగంటగా? గ్యాంగు కూడా ఉందంటగా?’ అని అడిగేశాడు. అక్కడ నిజంగా దొంగతనం కేసులో నిలబడ్డ ముద్దాయి ఒకడు మా నాన్న వంక ఎంతో జాలిగా చూశాడట. నాన్నకి ఆ చూపే ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవలేదు. వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుని, ‘ఇట్టా రా’ అన్నాడు. మా నాన్న ఏనాడూ గొంతు పెంచిన మనిషి కాదు. ఆ రోజూ పెంచలేదు.

‘నువ్వు దొంగవా?’

‘అవును నాన్నా.’ ఇంకేమనాలో తోచలేదు. ‘కానీ మంచి దొంగనే.’

వంటింట్లో గిన్నె కింద పడింది. అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ‘చక్కెర డబ్బా ఖాళీ అవుతుంటే చీమలనుకుంటున్నా ఇన్నాళ్ళూ’ అంది.

‘ఉండవే’ అని నాన్న మళ్ళీ నా వైపు తిరిగాడు. ‘ఎవరెవరున్నారు ఇందులో?’

‘మాస్టారు మాంత్రికుడు. ఆపా, పాస్టరుగారబ్బాయి నరికేవాళ్ళు.’

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను ఏడుస్తూ కంప్యూటరు, క్యాసెట్టు, గుహ, గొయ్యి అన్నీ చెప్పాను. చెప్పేకొద్దీ ఇంకా అనుమానంగా వినపడుతోందని నాకే తెలుస్తోంది. అమ్మకి మాత్రం ఒక్కటే దిగులు. ‘ఆటలే అయితే సీతగానో సావిత్రిగానో ఉండొచ్చుగా. దొంగే దొరికిందా నీకు?’ నాన్న మాత్రం, ‘రేపు కోర్టవంగానే నేనే వస్తా. కళ్ళతో చూడకుండా ఏదీ తేల్చకూడదు’ అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా? ఇన్‌స్టిట్యూట్ మాన్పిస్తారు, అది ఖాయం. ఏడుపొచ్చింది మాత్రం, గుహలో దిగబోయే మూడో అంతస్తు ఎట్టా ఉంటుందో ఇక చూడలేనేమోనని.

మర్నాడు సాయంత్రం నాన్న మెట్లెక్కి వస్తుంటే మాస్టారు కిటికీ ఊచ పట్టుకున్నారు, గాలి లేకపోయినా. ఆపా ముసుగు సర్దుకుంది. పాస్టరుగారబ్బాయి లోలోపల ప్రార్థన చేసుకుంటున్నాడని పెదాలు చూస్తే తెలుస్తోంది. నాన్న కుర్చీ లాక్కుని టీవీ ముందు కూర్చుని, ‘చూపించండి’ అన్నాడు. క్యాసెట్టు కూసినంతసేపూ చెవులు మూసుకోకుండా కూర్చున్న మొదటి మనిషి ఆయనే. గుహ వచ్చింది. మాస్టారు మాటల మధ్య మామూలు కంటే పెద్ద ఖాళీలు వదుల్తూ అంతా వివరించారు. నాన్న ఆ నాలుగు పేర్లూ మెల్లగా చదివాడు. చివరి దాని దగ్గర ఆగాడు.

‘ఇదేంది?’

ఆపా నన్ను పొడిచింది. ‘క్లర్కు నాన్నా’ అన్నాను.

‘క్లర్కా? గుహలోనా?’

‘అవునండీ... ఎవరూ... ఉండనంటున్నారు’ అన్నారు మాస్టారు, ఉండబట్టలేక.

నాన్న మా నలుగురి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. ‘నన్ను రాసుకోండి’ అన్నాడు.

గుహలో నడిచేటప్పుడు వరస ముఖ్యం. గోతులు కనిపెట్టే దొంగ ముందుండాలి, తర్వాత యోధులు, మాంత్రికుడు, క్లర్కు చిట్టచివర. కొంత దూరం సాఫీగానే పోయాం. రెండో అంతస్తులో ఒక రాక్షసుడు ఆపాని కొట్టిన దెబ్బకి ఆమె బలం అడుగంటింది. ‘అయిపోయా’ అంది ఆపా, నిజంగానే గుండె మీద చెయ్యేసుకుని. వంతు నాన్నకి వచ్చింది. ఏం చెయ్యగలడో తెర మీద రాసి ఉంటే, అందులో ఒక మీట మెల్లగా, సంతకం పెట్టినట్టు నొక్కాడు. ఆపా బలం చరచరా పెరిగింది. మేమెవరం నమ్మలేదు.

‘ఏం చేశా నేను?’ అన్నాడు నాన్న కంగారుగా.

‘బతికించారండీ నన్ను!’ అంది ఆపా.

‘క్లర్కు ఎట్టా బతికిస్తాడు?’ అన్నాడు పాస్టరుగారబ్బాయి.

మాస్టారు గడ్డం నిమురుకున్నారు. ‘బహుశా... మెడికల్... సర్టిఫికెట్... రాసిచ్చి... ఉంటాడు.’

ఆ సాయంత్రం మేం ఎప్పుడూ పోనంత లోతుకి పోయాం. నాన్న దేనికీ తొందరపడడు. ప్రతి తలుపు దగ్గరా ‘ఆగండి, ముందు అమ్మాయిని చూడనివ్వండి’ అంటాడు. దెబ్బ తిన్నవాళ్ళందరికీ వరసప్రకారం వైద్యం చేస్తాడు. ముందు మాస్టారికి చెయ్యమంటే, ‘ఆమె దెబ్బ ముందు తిన్నది, మీది తర్వాత’ అంటాడు. మేం లేచేసరికి కింద షెడ్డు కూడా మూసేశారు. నాన్న చొక్కా చేతులు దించుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టుగా, ‘గుమాస్తా లేకుండా ఎక్కడా పని నడవదయ్యా’ అన్నాడు. ఇన్‌స్టిట్యూట్ మాన్పించే మాట ఎక్కడికి పోయిందో నేను వెతకలేదు. ఆ మర్నాటి నుంచి కోర్టవంగానే ఆయనే ముందొచ్చి కూర్చునేవాడు. అమ్మ మాకోసం మరమరాలు వేయించి డబ్బాలో పెట్టి పంపేది, దొంగల గ్యాంగుకని.

నాదెండ్ల పెదనాన్నకి నాన్నే కబురు పెట్టాడు, స్వయంగా వచ్చి చూసుకోమని. సంబంధం మీద ఆశ అమ్మకింకా చావలేదు. ఆయన ఈసారి అబ్బాయిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. అబ్బాయి గుమ్మం దగ్గరే నిలబడి టీవీ వైపు చూద్దామా వద్దా అన్నట్టు పెదనాన్న మొహం చూస్తున్నాడు. పెద్దాయన తాళాల గుత్తి మొలలోంచి తీసి గుప్పిట్లో పట్టుకుని మరీ కూర్చున్నాడు. మేం ఆడి చూపించాం. అంతా విని, చూసి, చివరికి ఆయన గొంతు సవరించుకున్నాడు.

‘ఆటే. ఒప్పుకుంటా. దొంగన్నా సర్దుకుంటాం, టీవీలోనే గదా. కానీ ఒక్కటి నచ్చలా నాకు. పిల్ల ముందు నడుస్తుంటే, మగాళ్ళు దాని వెనక నడుస్తున్నారు. కన్నతండ్రివి, నువ్వు అందరికంటే వెనక నడుస్తున్నావు. ఇదేం వరసయ్యా?’

నేను మీటల వంక చూస్తూ కూర్చున్నాను. నాన్న సర్దిచెబుతాడనుకున్నాను. అందరికీ సర్దిచెప్పడమే ఆయన ఉద్యోగం. జడ్జిగారికి, వకీళ్ళకి, వాయిదా పడి ఊరికి పోలేక వరండాలో కూలబడ్డవాళ్ళకి.

‘ముందు నడిచేవాళ్ళకి గోతులు కనపడాలండీ’ అన్నాడు నాన్న. ‘మాలో అవి దానికే కనపడతయ్.’

అంతే, మళ్ళీ తెర వైపు తిరిగి, ‘నీ వంతే అమ్మాయ్, కానీ’ అన్నాడు. నా కళ్ళకి గుహ అంతా అలుక్కుపోయి కనిపించింది. ఎదురుగా ఉన్న గొయ్యి చూసుకోకుండా నడిచి అందర్నీ తీసుకెళ్ళి అందులో పడేశాను. ‘చూశారా!’ అన్నాడు నాదెండ్ల పెదనాన్న, లేస్తూ. అబ్బాయి మాత్రం మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగి, ‘మీరు తాళం తీశాక తలుపు ఎడంపక్క చూడాల్సింది’ అన్నాడు మెల్లగా. పెదనాన్న గట్టిగా దగ్గాడు. సంబంధం అట్లా దగ్గుతోనే పోయింది. అమ్మ కొన్నాళ్ళు మరమరాలు పంపలేదు.

ఆ తర్వాత ఒకరోజు నాన్న రాకముందు పాస్టరుగారబ్బాయి నన్ను పక్కకి పిలిచాడు. ‘అక్కా, మా నాన్న పుస్తకాల్లో చూశా. క్లెరిక్ అంటే క్లర్కు కాదంట. పాస్టరో, పూజారో, అట్టాంటోడంట. ప్రార్థన చేస్తే గాయాలు మానుతున్నయ్యి, సర్టిఫికెట్లతో కాదు’ అన్నాడు. మేం ఇద్దరం మెట్ల మీద నాన్న చెప్పుల చప్పుడు విన్నాం. కోర్టులో ఆ రోజు ఎవరి చేతనో మాటలు పడ్డట్టున్నాడు, మొహం వాడి ఉంది. కుర్చీలో కూర్చుని చొక్కా చేతులు పైకి మడిచేసరికి మళ్ళీ మామూలు మనిషయ్యాడు. ‘చెప్పొద్దురా’ అన్నాను. ‘నేనెందుకు చెప్తా’ అన్నాడు వాడు. ఆపాకి చెప్పాం. మాస్టారికి చెప్పలేదు, స్పెల్లింగు విషయంలో ఆయన గుండె తట్టుకోలేదని.

నిధి చూశారా అంటారేమో, చూడలేదు. మా పల్నాటి ఎండాకాలంలో కరెంటు చేసే చేష్టలకి ఆ కువైట్ యంత్రం ఒక మధ్యాహ్నం వేరుశనగలు మాడిన వాసన వేసి ఆగిపోయింది. కువైట్ భాయ్ విప్పి చూసి, ‘మోటారైతే చుట్టేసేవాణ్ణి’ అని మళ్ళీ మూసేశాడు. మాస్టారు బోర్డు మీద ఆ లైను చెరిపించలేదు. కొన్నేళ్ళకి ఆపాకి వినుకొండ సంబంధం కుదిరింది. పాస్టరుగారబ్బాయి రైల్వేలో స్టెనో అయ్యాడు. నాకు మాచర్లలో ఒక స్కూలు టీచరుతో పెళ్ళయింది (వాకబు లేకుండా. దొంగనని నేనే చెప్పాను, నవ్వాడు).

నాన్న రిటైరైన రోజు కోర్టు హాల్లో సభ పెట్టారు. నేను మాచర్ల నుంచి, ఆపా వినుకొండ నుంచి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాం. దండలు పడ్డాయి, వకీళ్ళు పొగిడారు. నాన్న లేచి, ఎప్పటిలాగే గొంతు పెంచకుండా మాట్లాడాడు. ‘గుమాస్తా అంటే చిన్నచూపు చూస్తారు గానీ, ఇంగ్లీషువాళ్ళు రాక్షసులుండే గుహలోకి పోయేటప్పుడు కూడా వెంట ఒక గుమాస్తాని తీసుకుపోతారండీ. చచ్చేవాళ్ళని బతికించేది వాడే’ అన్నాడు. హాల్లో ఒక్కరికి అర్థమైతే ఒట్టు. జడ్జిగారు ఏదో గొప్ప విషయమనుకుని తలాడించారు. నేను, ఆపా నోట్లో కొంగులు కుక్కుకుని, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం నలిపేసుకుంటూ, నవ్వుతున్నామో ఏడుస్తున్నామో తెలీకుండా కూర్చున్నాం.

రిక్షాలో ఇంటికి వస్తుంటే దండ ఒళ్ళో పెట్టుకుని, ‘బాగా మాట్లాడానా?’ అని అడిగాడు.

‘చానా బాగా మాట్లాడావు నాన్నా.’

‘ఆ గుహ సంగతి అర్థమైందంటావా వాళ్ళకి?’

‘అయ్యే ఉంటది.’

‘కాకపోయినా ఏముందిలే. మనకు తెలుసుగా’ అన్నాడు, రోడ్డు వంక చూస్తూ.

నాకు నవ్వాగలేదు. మొహం అటు తిప్పుకున్నాను. ఎంత పెద్దదాన్నయిపోయానో, కన్నతండ్రికి తెలియని సంగతి ఒకటి ఆయన కోసమే ఇన్నేళ్ళు ఎంత జాగ్రత్తగా దాచిపెట్టానో అని నాకు నేనే మురిసిపోయాను. ఆ మురిపెం చానా ఏళ్ళు నడిచింది. నాన్న పోయాక, నేనూ ఆయన వయసుకి దగ్గరపడ్డాక, ఈమధ్యే ఒకరోజు మాచర్లలో పెరట్లో మల్లెలు కోస్తుంటే ఉన్నట్టుండి తట్టింది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఇంగ్లీషులో తీర్పులకి నకళ్ళు రాసిన మనిషి, ఒక్క స్పెల్లింగు తప్పుంటే జడ్జిగారి దగ్గరికే వెనక్కి తీసుకెళ్ళే మనిషి, ఆయనకి క్లెరిక్ అంటే ఏందో తెలియదా? మల్లెలు ఒళ్ళో పోసుకుని అక్కడే గట్టు మీద కూర్చున్నాను. రిక్షాలో మొహం తిప్పుకుని ముసిముసిగా నవ్వుకుంటున్న ఆ తెలివైన పిల్ల కళ్ళ ముందు మెదిలింది. పక్కన దండ పట్టుకుని కూర్చున్నాయన ఆ వేళ ఎటు తిరిగి నవ్వుకున్నాడో, అది మాత్రం ఆ పిల్ల చూడలేదు.